వాచిన కాలును మోయు సంఘము

పఠన భాగములు: లూకా సువార్త 14:1-6, నిర్గమకాండము 17:8-13



ఒక విశ్రాంతి దినమున మన ప్రభువు పరిసయ్యులలో ముఖ్యుడైన యొకని యింటికి భోజనమునకు వెళ్లెను. ఆ యింట ఆయన యెదుట దేహమంతయు నీరు చేరి వాచిపోయిన ఒక రోగి యుండెను. మన తెలుగు బైబిలులో దానిని జలోదర రోగమని వ్రాసియున్నారు. ఈ సంగతి మత్తయి వ్రాయలేదు, మార్కు వ్రాయలేదు, యోహాను వ్రాయలేదు. వైద్యుడైన లూకా ఒక్కడే వ్రాసెను.

ఆ యింటనున్నవారి కన్నులు ఎక్కడ ఉన్నవో గమనించుడి. అందరును ప్రభువును పొంచి చూచుచున్నారు. ఈయన విశ్రాంతి దినమున స్వస్థపరచునా, తప్పు పట్టుటకు దొరకునా అని కనిపెట్టుచున్నారు. వాచిన మనుష్యుడు అక్కడనే యున్నాడు. వానిని చూచినవా డొక్కడే, ప్రభువు. ఆయన వారిని ప్రశ్న అడిగెను. వారు నోరు విప్పలేదు. అప్పు డాయన ఆ రోగిని చేరదీసి, బాగుచేసి, పంపివేసెను. తరువాత, మీ ఎద్దు బావిలో పడినయెడల ఏ దినమని ఆలోచించి పైకి తీయుదురా అని వారి నడిగెను. దానికిని వారియొద్ద జవాబు లేకపోయెను.

ప్రియులారా, వాచిన మనుష్యులు మన సంఘములలోను ఉన్నారు. భావనపాడు మొదలు టెక్కలి, పలాస వరకును, ఉద్దానపు కొబ్బరితోటల వెంబడి సోంపేట వరకును, ఏ గుడిలో చూచినను వెనుక వరుసలో, తలుపు దగ్గర, చీరె కుచ్చిళ్లతో కాలు కప్పుకొని కూర్చుండు ఒక సహోదరి కనబడును. మనము పాటలు పాడుదుము, వాక్యము విందుము, ప్రభువు బల్లకు లేచి ముందుకు పోవుదుము. ఆమె లేవదు. మనము చూచితిమా?

అట్టి సహోదరి యొకతె సంగతిని ఆమె అనుమతితో వ్రాయుచున్నాము. పేరు చెప్పము. ఆమె భావనపాడు రేవునుండి చేపల గంప నెత్తిని పెట్టుకొని టెక్కలి బజారులో అమ్మి పిల్లలను పెంచినది. గర్భసంచికి కేన్సరు వచ్చెను. 2007 ఏప్రిలులో ఆరోగ్యశ్రీ పథకమును మొట్టమొదట ఆరంభించిన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళము ఒకటి; దానివలన ఇటువంటి పెద్ద వైద్యము కూలివారికిని అందుబాటులోనికి వచ్చినది. ఆమెకు విశాఖపట్నములో ఆపరేషను జరిగెను, తరువాత కరెంటు వైద్యము పెట్టిరి. రోగము పోయెను. సంఘము కృతజ్ఞతార్పణ పెట్టి దేవుని స్తుతించెను.

రెండవ సంవత్సరము వానకాలములో ఆమె ఎడమ కాలు వాచెను. మొదట సాయంకాలమునకు చెప్పు బిగిసెను. పిమ్మట చీలమండ యెముక కనబడకపోయెను. ఆ తరువాత వాపు తొడవరకు ఎక్కెను. ఆసుపత్రివారు కాలికి కట్టు కట్టుట నేర్పి పంపిరి. వీధిలోనివారు మాత్రము ఆమెకు బోద వచ్చినదనిరి. కొందరు ఎవరో ఏదో చేసిరనిరి. కుమార్తెకు కుదిరిన సంబంధమువారు వెనుకకు పోయిరి. ఆ దినములలో ఎక్కడనుండియో వచ్చిన ఒక బోధకుడు స్వస్థత కూటములు పెట్టి, నీలో దాచిన పాపమున్నది, నమ్మకముంటే ఆ కట్టు విప్పి పారవేయుమని ఆమెతో చెప్పెను. ఆమె విప్పివేసి, కడుగుకొనుటయు మానెను. కొద్ది దినములకే చలి జ్వరము పట్టెను. కాలు ఎర్రబారి నిప్పువలె కాలెను. ఆటోలో వేసికొని టెక్కలి ఆసుపత్రికి చేర్చిరి. ఎనిమిది దినములు అక్కడ ఉండి బ్రతికి వచ్చెను.

వచ్చిన తరువాత ఆమె మమ్మును అడిగిన మాట ఇది: "అయ్యగోరూ, అంత పెద్ద రోగం తీసిన దేవుడు ఈ కాలెందుకు ఒగ్గీసినాడు? ఈ కట్టు కట్టుకుంటే నాకు నమ్మకం నేనట్టేనా?"

ఈ ప్రశ్న ఆమె యొకతెది కాదు. గనుక దీనిని సంఘమంతటి యెదుట పెట్టుచున్నాము.

1. ఈ వాపు ఏమిటి?

రక్తము గుండెనుండి బయలుదేరి కాళ్లకు దిగి మరల గుండెకు ఎక్కును. ఆ ప్రయాణములో కొంత నీరు నాళములనుండి ఊరి మాంసములో చేరును. ఆ నీటిని పోగుచేసి తిరిగి రక్తములో కలుపుటకు దేవుడు మన దేహమందంతటను మిక్కిలి సన్నని కాలువలను ఉంచెను. అందులో పారు నీటికి శోషరసమని పేరు. కాలినుండి వచ్చు కాలువలు గజ్జలలోను పొత్తికడుపులోను ఉన్న చిన్న బిళ్లలగుండ పోవును. ఆ బిళ్లలు వడకట్టు గుడ్డవంటివి. పుండునుండి వచ్చు విషమును పట్టి ఆపును. కాలికి ముల్లు గుచ్చుకొని చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ల కట్టుట మనమందరము ఎరుగుదుము.

కేన్సరు ఈ కాలువల వెంబడియే ప్రాకును. అందుచేత వైద్యులు గర్భసంచితో కూడ పొత్తికడుపులోని బిళ్లలను తీసివేయుదురు. కరెంటు వైద్యమువలనను అక్కడి కాలువలు గట్టిపడును. నౌపడ ఉప్పుమడులలో పనిచేయువారికిని, తంపర భూములలో వరి వేయువారికిని ఈ సంగతి సులభముగా తెలియును. నీరు పోవు దారి పూడిపోయినయెడల మడిలో నీరు నిలుచును. అది వాన తప్పు కాదు, మడి తప్పు కాదు. నిలిచిన నీటిలో గట్టు మెత్తబడి జారును. అట్లే కాలిలో నిలిచిన నీటివలన చర్మము దళసరియగును, పగుళ్లు పడును, చిన్న గాయములోనుండియే విషము ప్రవేశించును. ఈ వాపు కొందరికి కొన్ని నెలలలోనే వచ్చును, కొందరికి ఏండ్లు గడచిన తరువాత వచ్చును, అనేకులకు రానేరాదు. కేన్సరు లేక ఊరక గర్భసంచి తీసినప్పుడు సాధారణముగా ఈ బిళ్లలను ముట్టరు.

వైద్యులు ఆమె ప్రాణమును నిలుపుటకు ఆ బిళ్లలను తీసిరి. గనుక ఆ కాలు ఆమె పాపమునకు ముద్ర కాదు. ఆమె ప్రాణము దక్కుటకు చెల్లించిన వెల.

అయితే వాచిన ప్రతి కాలును ఒకే రోగము కాదు. ఇది జాగ్రత్తగా చదువుడి. మన ఉద్దానములో, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో, మూత్రపిండముల రోగము ఎన్ని యిండ్లలో దీపమార్పెనో మనకు తెలియును. ఆ రోగములో తరచుగా రెండు కాళ్లును వాచును, ఉదయమున కండ్లక్రింద ఉబ్బును, మూత్రము తగ్గవచ్చును. అట్టివారు రక్తమును మూత్రమును పరీక్ష చేయించుకొనవలెను. 2023 డిసెంబరులో పలాసలో ఇందుకొరకే పెద్ద ఆసుపత్రి తెరవబడినది. పండుకొన్నప్పుడు ఆయాసమును కాళ్ల వాపును కలిసివచ్చినయెడల గుండెను చూపించుకొనవలెను. ఒక్క కాలు అకస్మాత్తుగా వాచి నొప్పి పుట్టినయెడల నాళములో రక్తము గడ్డకట్టియుండవచ్చును. ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. కేన్సరు ఆపరేషను చేయించుకొనినవారికి క్రొత్తగా వాపు వచ్చినయెడల, పాత రోగము తిరిగి వచ్చెనేమో అని ముందుగా తమ వైద్యునికే చూపవలెను. ఏ వాపునకైనను ఎవరో ఇచ్చిన నీటి మాత్రలు మ్రింగి ఊరకుండుట మంచిది కాదు.

2. ఇది శాపము కాదు, అంటు కాదు

మన తీరమునకు బోదకాలు క్రొత్త కాదు. శ్రీకాకుళము జిల్లా ఆ వ్యాధి గల జిల్లాలలో ఒకటిగా చిరకాలము లెక్కింపబడినది. సన్నని దారమువంటి పురుగులు పైన చెప్పిన కాలువలలోనే కాపురముండి వాటిని చెరుపును. వాటి పిల్లలు రాత్రివేళ రక్తములో తిరుగును. ఆ హేతువుచేతనే రాత్రి రక్తము తీసి పరీక్షించుట వాడుకయైనది. మురికినీటిలో పెరుగు దోమ ఒకరిని కుట్టి, కొన్ని దినములైన తరువాత మరియొకరిని కుట్టినప్పుడు ఆ పురుగు ఒంటిలో చేరును. ప్యాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు 1877లో చైనా దేశమందు దోమ కడుపులో ఈ పురుగు పెరుగుట కనుగొనెను. మన దేశములో 1955లో దీనిని అణచుటకు జాతీయ కార్యక్రమము మొదలుపెట్టిరి. 2004 మొదలుకొని ఈ వ్యాధి గల జిల్లాలలో ఏటికొకసారి ఇంటింటికి మాత్రలు పంచిరి. మాకు రోగము లేదు గదా అని వాటిని జేబులో వేసికొని పోయినవారు మన సంఘములలోను ఉండిరి. ఆ మాత్రలు ఒంటిలో దాగిన పురుగు పిల్లలను చంపి పొరుగువానిని కాపాడుటకు ఇచ్చినవి. తనకు లాభము కనబడకపోయినను పొరుగువానికొరకు మ్రింగిన మాత్రకు ప్రేమయని పేరు పెట్టుట తప్పు కాదు.

బోదకాలైనను, ఆపరేషను తరువాత వచ్చిన వాపైనను, ముట్టుకొనుటవలన అంటుకొనదు. ఒక చాపమీద కూర్చుండుటవలన రాదు. ఒక పాత్రలో త్రాగుటవలన రాదు. ఆపరేషనువలన కలిగిన వాపు తల్లినుండి బిడ్డకు రాదు. గనుక తల్లి కాలు చూచి కుమార్తె సంబంధమును కాదనుట అజ్ఞానము. క్రైస్తవ కుటుంబములో అది అన్యాయము కూడ. మగవారికి బుడ్డ దిగుటయు అనేకమారులు ఈ పురుగువలననే. సిగ్గుపడి పంచె చాటున దాచుకొని బాధపడనక్కరలేదు. దానికి శస్త్రచికిత్స యున్నది.

పుట్టు గ్రుడ్డివానిని చూచి, వీడు పాపము చేసెనా, వీని కన్నవారు చేసిరా అని శిష్యులు అడిగినప్పుడు, ప్రభువు ఆ రెండును కాదనెను. యోహాను సువార్త 9వ అధ్యాయమును తెరచి చదువుకొనుడి. ఆ శిష్యుల ప్రశ్నను మనము ఇంకను ఎంతకాలము అడుగుదుము?

3. కట్టు కట్టుకొనుట అవిశ్వాసమా?

కట్టు విప్పుమని చెప్పువారు రాజైన ఆసాను చూపుదురు. ముసలితనములో ఆసా పాదములలో రోగము పుట్టెను. అతడు యెహోవాయొద్ద విచారణ చేయక వైద్యులను ఆశ్రయించెను అని రెండవ దినవృత్తాంతములు 16వ అధ్యాయములో నున్నది. అయితే అధ్యాయమును మొదటినుండి చదువుడి. ఆసా అంతకు ముందే దేవుని విడిచి సిరియా రాజును ఆశ్రయించెను. తప్పు చూపిన దీర్ఘదర్శిని బందీగృహములో వేయించెను. వైద్యుని పిలిచినందుకు అతనిమీద నింద రాలేదు. దేవుని పిలువనందుకు వచ్చెను.

ఇప్పుడు హిజ్కియాను చూడుడి. అతడు మరణకరమైన రోగమందు గోడతట్టు ముఖము త్రిప్పుకొని కన్నీళ్లు విడిచి ప్రార్థించెను. దేవుడు ఆలకించితినని యెషయాద్వారా వర్తమానము పంపెను, మూడవ దినమున మందిరమునకు ఎక్కిపోవుదువని వాగ్దానము చేసెను. ఆ వాగ్దానము నోట నుండగానే యెషయా ఏమి తెమ్మనెను? అంజూరపు పండ్ల ముద్ద. దానిని పుండుమీద వేసి కట్టిరి. రెండవ రాజులు 20వ అధ్యాయములో ఇది యున్నది. వాగ్దానము ఒక ప్రక్క, కట్టు ఒక ప్రక్క. కట్టు అవిశ్వాసమైనయెడల ప్రవక్తయే దానిని వేయించునా?

దేవుడు అద్భుతముగా బాగుచేయగలడు. మేము దానిని సందేహింపము. రోగులకొరకు చేతులుంచి ప్రార్థించుట మానము. కాని పౌలు తన ముల్లుకొరకు మూడుమారులు వేడుకొనెను. ముల్లు పోలేదు, కృప చాలునని జవాబు వచ్చెను. పౌలుకు విశ్వాసము తక్కువయని ఎవరు చెప్పగలరు? యాకోబు దేవునితో పెనుగులాడి ఆశీర్వాదము పొందిన ఉదయముననే కుంటుచు నడిచెను. ఆశీర్వాదమును కుంటితనమును ఒక్క దేహమందే యున్నవి.

గనుక సహోదరీ, దేవుడు కేన్సరును తీసి కాలును మరచిపోలేదు. కాలును ఆయన నీ చేతికి, నీ సంఘపు చేతికి అప్పగించెను. కట్టు విప్పుమని చెప్పిన బోధకుడు నీకు జ్వరము వచ్చిన రాత్రి నీ యింట లేడు. నీ ప్రక్క నిలువని మాట దేవుని మాట యని త్వరపడి నమ్మకుము.

4. దినదినము చేయవలసిన పని

ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయములో మోషే ఇశ్రాయేలీయులకు దేవుని ఉపకారములను లెక్కపెట్టి చెప్పుచు, మన్నాతో కూడ, చిరుగని బట్టలతో కూడ, నలువది ఏండ్లు నడిచినను వాయని వారి పాదములను కూడ లెక్కపెట్టెను. మన పాదములు దేవుని లెక్కలో ఉన్నవి. ఈ వాపు పూర్తిగా పోవుట అరుదు. కాని సరిగా చూచుకొనినయెడల తగ్గును, తగ్గి అదుపులో నుండును, మనిషి తన పని తాను చేసికొనును. ఆ చూచుకొనుట ఇట్లు:

మొదటిది, కడుగుట. ప్రతిదినము ఒకసారియైనను మామూలు నీళ్లతోను సబ్బుతోను, తొడనుండి వ్రేళ్ల సందులవరకు మెల్లగా కడుగవలెను. వేడినీళ్లు పనికిరావు. తరువాత మెత్తని గుడ్డతో, ముఖ్యముగా వ్రేళ్ల సందులలో, తడి లేకుండ అద్దవలెను. ఆ సందులలో తెల్లగా పాసినయెడల ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో అడిగి మందు పూయవలెను. తక్కిన చర్మము పగులకుండ కొబ్బరినూనె పలుచగా రాసికొనుడి; ఉద్దానములో దానికి కొదువ లేదు. వ్రేళ్ల సందులలో మాత్రము నూనె వద్దు.

రెండవది, ఎత్తుట. కూర్చున్నప్పుడు కాలిని ముక్కాలిపీటమీదనో బల్లమీదనో ఆనించి యుంచవలెను. రాత్రి మంచము కాళ్లతట్టు కోళ్లక్రింద రెండేసి ఇటుకలు పెట్టినయెడల నీరు తనంతట తానే పైకి నడచును. గుండెజబ్బు ఆయాసములు గలవారు వైద్యుని అడిగి చేయవలెను.

మూడవది, ఆడించుట. పాదమును పైకి క్రిందికి ఆడించుట, చీలమండను త్రిప్పుట, మెల్లగా నడచుట. పిక్క కదలినప్పుడెల్ల నీరు పైకి నెట్టబడును. పలాస కాశీబుగ్గలలో జీడిపిక్కలు ఒలుచు సహోదరీలు గంటలకొలది ఒక్కచోటనే యుందురు. వారు గంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయవలెను. జీడిగింజ పైతొక్కలోని నూనె చర్మమును కాల్చును గనుక వాచిన కాలిపై అది పడనీయకూడదు. ఉప్పుమడిలో దిగువారు, పొలములో దిగువారు చర్మము పాసిపోకుండ చూచుకొని, పని ముగియగానే మంచినీళ్లతో కడుగుకొనవలెను.

నాలుగవది, కట్టు. దీనిని ఆసుపత్రిలో తెలిసినవారియొద్ద నేర్చుకొని కట్టవలెను. పాదమునుండి మొదలుపెట్టి పైకి చుట్టుకొని పోవలెను. క్రింద బిగువుగాను పైకి పోవుకొలది వదులుగాను ఉండవలెను. వ్రేళ్లు తిమ్మిరెక్కినను, నీలముగా మారినను, నొప్పి పుట్టినను వెంటనే విప్పవలెను. కొందరికి వైద్యులు బిగుతు మేజోడు ఇత్తురు. చక్కెర జబ్బువలన కాలికి రక్తము సరిగా రానివారు వైద్యుడు చెప్పనిదే కట్టరాదు. తాయెత్తు త్రాడును మోకాలిక్రింద బిగించి కట్టుట కట్టు కాదు. అది నీటిని అడ్డగించి వాపును పెంచును.

అయిదవది, చెప్పులు. వాచిన కాలికి ఒక ముల్లు, ఒక గవ్వ, ఒక చేపముల్లు చాలు. ఇసుకలోనైనను ఇంటిలోనైనను మెత్తని వదులైన చెప్పు వేసికొనవలెను. గోళ్లు జాగ్రత్తగా తీసికొనవలెను. దోమతెరలో పండుకొనవలెను.

చేయకూడనివి కూడ చెప్పెదము. వాతలు పెట్టించుకొనవద్దు. కోసి నీరు తీయించుకొనవద్దు. గట్టిగా పిసికించుకొనవద్దు. ఆకుపసరుల కాపడము వద్దు.

చలి, జ్వరము, కాలు ఎర్రబారుట, మంట, గజ్జలో బిళ్ల: ఈ గురుతులు కనబడినయెడల అది పగలైనను రాత్రియైనను ఆసుపత్రికి పోవలెను. అప్పుడు కట్టు విప్పి, వ్యాయామము మాని, కాలెత్తి పండుకొని, చల్లని తడిగుడ్డ వేసి, వైద్యుడిచ్చిన మందును చివరి మాత్రవరకు వాడవలెను. ఇట్టి జ్వరము వచ్చిన ప్రతిమారు కాలు మరికొంత చెడును. జ్వరమును రానీయకుండుటయే కాలును కాపాడుట. ఆ కాపుదల ఒక సబ్బు ముక్కతోను ఒక చెంబు నీళ్లతోను మొదలగును.

5. సంఘము చేయవలసిన పని

అమాలేకీయులతో యుద్ధము జరిగిన దినమున మోషే కొండమీద చేతులెత్తి యుండెను. చేతులు బరువెక్కెను. అప్పుడు అహరోను హూరులు ఏమి చేసిరి? మోషేకు విశ్వాసము లేదని తప్పు పట్టలేదు. ఒక రాయి తెచ్చి అతనిని కూర్చుండబెట్టి, ఈ ప్రక్క ఒకడు ఆ ప్రక్క ఒకడు చేతులు పట్టుకొనిరి. సూర్యుడు అస్తమించువరకు విడువలేదు.

మన సంఘములో చేయి కాదు, కాలు బరువెక్కినది. దానిని ఎత్తి పట్టువారెవరు? మేము సంఘ పెద్దల యెదుటను స్త్రీల సమాజము యెదుటను ఈ కార్యములను పెట్టుచున్నాము.

గుడిలో చాపమీద కూర్చుండలేనివారికి ముందు వరుసలో కుర్చీయు, కాలు పెట్టుకొనుటకు చిన్న పీటయు వేయుడి. అది గొప్పవారికి వేసిన ఆసనము కాదు, అహరోను హూరులు తెచ్చిన రాయి. మనము గుడి గుమ్మమువద్ద చెప్పులు విడుచుట మంచి మర్యాదయే. కాని వాచిన కాళ్లవారు కడిగిన చెప్పులతో లోపలికి వచ్చినయెడల ఎవరును ముఖము చిట్లించకూడదు. ప్రభువు బల్లకు లేచి రాలేనివారికి రొట్టెయు పాత్రయు వారు కూర్చున్న చోటికే తీసికొనిపోవుదుము; అందరితో కూడ, అందరు చూచుచుండగా.

స్త్రీల సమాజమువారు వారమున కొకదినము ఇట్టి సహోదరీల యిండ్లకు ఇద్దరిద్దరుగా పోవుడి. ఒట్టి చేతులతో పోక సబ్బును శుభ్రమైన గుడ్డను పట్టుకొని పోవుడి. వంగి తన పాదమును తాను అందుకొనలేని ముసలమ్మకు మీరు కడుగుడి. ప్రభువు నడుమునకు తువాలు కట్టుకొని, పళ్లెములో నీళ్లు పోసి శిష్యుల పాదములు కడిగి, అట్లే చేయుడని చెప్పినది ఏటికొకసారి గుడ్ ఫ్రైడే ముందు చదువుటకు మాత్రమే కాదు గదా.

బ్రెజిలు దేశములో రెసీఫె పట్టణమునందు డాక్టరు జెరూసా డ్రేయరు గారు బోదకాళ్లవారికి వైద్యము చేయుచు, దినదినము సబ్బుతో కడుగుకొనుటవలన జ్వరములు తగ్గుటను చూచి, రోగులను కూడదీసి ఆశా సంఘములను ఏర్పరచిరి. అక్కడ ఒకరి కొకరు కడుగుట నేర్పుకొనిరి, ఒకరి కాలు చూచి ఒకరు ధైర్యము తెచ్చుకొనిరి. కేరళ రాష్ట్రమందలి కాసరగోడులోని చర్మవైద్య సంస్థవారును కడుగుట, శరీరమును ఆడించుట, కట్టు కట్టుట, ఈ పనులనే ముఖ్యముగా నేర్పుచున్నారు. దూరదేశములలో వైద్యులు ప్రయాసపడి సమకూర్చిన ఆశా సంఘము మనకు ముందే యున్నది. ప్రతి ఆదివారము గంట కొట్టగానే అది కూడుచున్నది.

ఇంకను, ఏ యింటనైనను వాచిన కాలున్నదని తెలిసినయెడల ఆశా కార్యకర్తకు గాని నర్సమ్మకు గాని చెప్పుడి. బోదకాళ్లవారికి తొట్టి, చెంబు, సబ్బు, తువాలు, మందు గల సంచిని ప్రభుత్వమువారు ఇచ్చు ఏర్పాటున్నది. రెండు కాళ్లకును బోద ముదిరినవారికి నెలనెలా పింఛను గలదు. కాగితములు చదువలేనివారితో మన యౌవనస్థులు వెళ్లి పని జరిపించుడి. రాత్రివేళ జ్వరము వచ్చినవారిని టెక్కలికి గాని పలాసకు గాని చేర్చుటకు ఆటో బాడుగ నిమిత్తము కానుకలోనుండి కొంత సొమ్ము ప్రత్యేకముగా తీసి యుంచవలెనని పెద్దలను కోరుచున్నాము.

కుమార్తె సంబంధము తప్పిపోయిన ఆ యింటికి మన సంఘములోని తల్లులు వెళ్లవలెను. మాటలతో ఓదార్చి వచ్చుట చాలదు. ఆ వెనుదిరిగిన కుటుంబముతో మాటలాడి, ఇది అంటు కాదు, వంశమునకు వచ్చునది కాదు అని మీ నోట చెప్పవలెను. సాక్ష్యము చెప్పుట అనగా ఇదియు సాక్ష్యమే.

6. రాజు బల్లయొద్ద

సౌలు మనుమడైన మెఫీబోషెతు రెండు కాళ్లును కుంటివాడు. దావీదు అతనిని పిలిపించి, ప్రతిదినము తన బల్లయొద్దనే భోజనము చేయుమనెను. బల్లయొద్ద కూర్చున్నవాడు కుంటివాడో కాడో ఎదుటివానికి తెలియదు. అందరి ముఖములు ఒక్క ఎత్తున నుండును. అతని కాళ్లు బాగుపడెనని వాక్యము ఎక్కడను చెప్పదు. అతని చోటు మాత్రము చివరివరకు అతనిదే.

తరువాత దావీదు పట్టణము విడిచిపోయినప్పుడు, అతడు తిరిగి వచ్చువరకు మెఫీబోషెతు పాదములను శుద్ధిచేసికొనక దుఃఖముతో ఉండెనని రెండవ సమూయేలు 19వ అధ్యాయములో వ్రాయబడినది. దీనినిబట్టి తక్కిన దినములలో అతడు వాటిని కడుగుకొని చూచుకొనుచు నుండెనని తెలియుచున్నది. రాజు దగ్గర లేనప్పుడు మానిన పనిని, రాజు దగ్గరనున్నప్పుడు చేయుచుండెను. సహోదరీ, మన రాజు మన మధ్యనున్నాడు. కాలు కడుగుకొనుము, ఆరబెట్టుకొనుము, కట్టు కట్టుకొనుము. అది నీ నిరీక్షణకు గురుతు.

వచ్చే నెల మొదటి ఆదివారము ప్రభువు బల్ల. వెనుక వరుసలో తలుపు దగ్గర కూర్చుండు ప్రతి సహోదరికిని సహోదరునికిని ముందు చోటు సిద్ధపరచియుంచుడి. ఆ ఉదయము మీలో ఇద్దరు వారి యింటికి పోయి, వారి నడకతో మీ నడకను కలుపుకొని మెల్లగా రండి. ఆరాధన వారు వచ్చిన తరువాతనే ఆరంభింతము.

ప్రార్థింతము: కరుణగల తండ్రీ, అరణ్యములో నీ ప్రజల పాదములను కాచినవాడవు నీవే. వాచిన కాళ్లతో మా మధ్య నడచువారిని చూచు కన్నులను మాకు దయచేయుము. వారి జ్వరములను అణచుము, వారి సిగ్గును తీసివేయుము, వారి పిల్లల గడపలను ఆశీర్వదించుము. వైద్యుల చేతులను బలపరచుము. వారికి నీ బల్లయొద్ద నున్న చోటును మేము లాగివేయకుండ మమ్మును కాపాడుము. రోగిని చేరదీసి బాగుచేసిన యేసుక్రీస్తు ప్రభువు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.